షెడ్డులో ఫార్గో

మురళీకృష్ణ పక్షవాతంతో పడిపోయి నాలుగు నెలలు దాటాక, షెడ్డులో ఉన్న బండిని వదిలించుకోవాలని అతని భార్య అమల అనుకుంది. దానికోసం పెద్దగా ఆలోచించిందీ లేదు. రేపటి నుంచి ఒక ప్యాకెట్ చాలని పాలవాడికి చెప్పినట్టే, ఆటోనగర్‌లో పాత బండ్లు విప్పి సామాను అమ్ముకునే జానయ్యకు ఫోన్ చేసి, "ఒకసారి వచ్చి చూసుకుని పట్టుకెళ్లండి" అంది.

అది ఫార్గో పికప్, వెనక తొట్టి ఉన్న చిన్న ట్రక్కు. అమల పుట్టకముందే రోడ్డెక్కిన బండి. మురళీకృష్ణ పంపుసెట్ల కంపెనీలో సేల్స్ మేనేజరు కావడంతో నెలలో సగం రోజులు ఊళ్లు తిరుగుతుండేవాడు. అలా తిరుగుతూ నూజివీడు దగ్గర ఒక మామిడితోటలో, పశువుల పాక పక్కన, టైర్లు సగం మట్టిలో దిగబడి ఉన్న దాన్ని చూశాడు. చిన్నప్పుడు తెనాలిలో వాళ్ల వీధి చివరి సోడా ఫ్యాక్టరీకి అచ్చం అలాంటిదే ఉండేదట. వెనక సీసాలు గలగలలాడుతూ వస్తుంటే పిల్లలంతా దాని వెంటబడేవారట. అంతే, లారీ ఎక్కించి సరూర్‌నగర్‌కు తెచ్చేశాడు. ఇంటి వెనక రేకుల షెడ్డు వేయించి, గోడకు పానాలు వరసగా తగిలించి, అక్కడే పని మొదలుపెట్టాడు.

మూడేళ్లపాటు ఆదివారాలన్నీ ఆ షెడ్డుకే పోయాయి. అమల చైతన్యపురిలో ఒక కోచింగ్ సెంటర్‌లో బోటనీ చెబుతుంది. ఆమెకు దొరికేది ఆ ఒక్క ఆదివారమే. మొదట్లో పోట్లాడింది. "నన్ను కట్టుకున్నారా, ఆ డొక్కును కట్టుకున్నారా?" అని కూడా అంది. అతను గ్రీజు చేతులతో నిలబడి నవ్వేవాడు. తర్వాత ఆమె పోట్లాడడం మానేసింది. మానేశాక ఇల్లు ప్రశాంతంగానే ఉంది. భోజనానికి రమ్మని పిలవడం, నీళ్ల ట్యాంకు నిండిందని చెప్పడం, పుణేలో ఉద్యోగం చేస్తున్న కూతురు సౌజన్య ఏమందో చెప్పుకోవడం, ఇద్దరి మధ్య మాటలు అక్కడితో ఆగిపోయేవి.

ఆ ప్రశాంతతలోనే ఒక ఆదివారం అతను షెడ్డులో ముందు చక్రం పక్కన పడిపోయి కనిపించాడు.

ప్రాణం నిలిచింది. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. ఎదుటివాళ్లు చెప్పేదంతా అర్థమవుతుంది గానీ తిరిగి చెప్పడానికి మాట లేదు. ఉన్న మాటలన్నీ పోయి ఒక్క 'సరే' మిగిలింది. అదే ఎందుకు మిగిలిందంటే డాక్టరు కూడా, కొందరికి అలా అవుతుందమ్మా అనేసి ఊరుకున్నాడు. నీళ్లు కావాలన్నా సరే, వద్దన్నా సరే, నడుము నొప్పి పుడుతున్నా సరే.

అమల అన్నీ చేసింది. స్నానం చేయించింది, అన్నం మెత్తగా కలిపి తినిపించింది, పగలు చూసుకోవడానికి ఆయాను పెట్టుకుని మధ్యాహ్నం క్లాసులకు వెళ్లొచ్చింది. ఎక్కడా తొట్రుపడలేదు, ఎక్కడా కళ్లు చెమర్చలేదు. చూసినవాళ్లు ఎంత గుండె ధైర్యమో అన్నారు. అది ధైర్యం కాదని ఆమెకు తెలుసు. లోపల చీమ కుట్టినట్టయినా లేదు. పంటి డాక్టరు ఇంజక్షన్ ఇచ్చాక చెంప మనది కానట్టుంటుంది చూడండి, ఒళ్లంతా అలా ఉంది.

"అమ్మా, ఒక్కసారి గట్టిగా ఏడ్చెయ్యవే. నాకు భయంగా ఉంది" అంది సౌజన్య ఫోన్లో.

"ఏడుస్తాలే. ఈ వారం టెస్టులున్నాయి" అంది అమల. వేళాకోళానికి అనలేదు. నిజంగానే అలా అనుకుంది.

జానయ్య చెప్పిన రోజుకే వచ్చాడు. ఉదయం వేళ. ఫిజియోథెరపీ చేయించే శాంసన్ అప్పుడే మురళీకృష్ణను చక్రాల కుర్చీలో ఎండకు వెనకవైపు తీసుకొచ్చాడు. శాంసన్‌ది మోత్కూరు వైపు పల్లె. ముప్పై ఏళ్లుంటాయి. పని చేస్తున్నంతసేపూ చర్చిలో పాడే పాటలు సన్నగా కూనిరాగం తీస్తుంటాడు. రోజూ ఒక రబ్బరు బంతి ఇచ్చి కుడిచేత్తో పిసకమంటాడు. మురళీకృష్ణ దాన్ని ఎడంచేత్తో లాక్కుని గోడవతలికి విసిరేస్తాడు.

జానయ్య టార్పాలిన్ లాగేసి, బండి చుట్టూ తిరిగి, బోనెట్ ఎత్తి లోపలికి తొంగిచూశాడు.

"కింది ఇంజినంత ఫిట్ చేసే ఉన్నది మేడం. పైన హెడ్డు ఎక్కియ్యలే. మంచిగనే చేసిండు సారు" అని, కుర్చీ దగ్గరకు వచ్చి వంగాడు. "సార్, బండి మీది. మీ నోటితోని ఒక మాట చెప్పుండ్రి. తీస్కపోవాల్నా?"

"సరే!" అన్నాడు మురళీకృష్ణ.

"అయిపాయె. రేపు పొద్దుగాల క్రేన్ తెస్త."

"సరే! సరే! సరే!" ఎడంచేత్తో కుర్చీ పిడిని దబదబా బాదుతున్నాడు. మెడ నరాలు ఉబ్బాయి.

జానయ్య సంతోషంగా తలూపుతున్నాడు. శాంసన్ అమల వైపు చూశాడు. అమల ఆ గొంతు విన్నది. సౌజన్యను ఇంటర్‌లో హాస్టల్లో వేద్దామని తను అన్నప్పుడు విన్న గొంతు అది. అత్తగారు పోయినప్పుడు ఊళ్లో ఇల్లు పంచుదామని అన్నదమ్ములు అన్నప్పుడు విన్న గొంతు. ఇరవై ఆరేళ్లు కాపురం చేసిన మనిషికి అది తెలియకుండా పోదు.

"ఆయన వద్దంటున్నారు" అంది.

"సరే అంటుండు కద మేడం?"

"వద్దనే అంటున్నారండీ. మీకు శ్రమ ఇచ్చాం. టీ తాగి వెళ్లండి."

జానయ్య కాసేపు ఇద్దరినీ మార్చి మార్చి చూసి, టీ వద్దని, ఎండెక్కకముందే పోతానని వెళ్లిపోయాడు. కుర్చీలో మురళీకృష్ణ తల వెనక్కి వాల్చి ఆయాసపడుతున్నాడు. తను ఎందుకలా చెప్పిందో అమలకు అంతుబట్టలేదు. జాలి కాదు. ప్రేమ అందామంటే ఆ మాట నోటికి కొత్తగా ఉంది. క్లాసులో ఎవరైనా జవాబు తప్పు చదివితే సరిదిద్దుతాం కదా, అలా సరిదిద్దింది. అంతకంటే ఏమీ కాదనుకుంది.

మర్నాడు శాంసన్ బంతి తేలేదు.

"మేడం, బంతిస్తే పారేస్తుండు. గా బండి సామాను ఇస్తే పట్టుకుంటడేమో. జర చూద్దామా?"

"చూడండి, మీ ఇష్టం" అంది అమల.

షెడ్డులో ఒక పళ్లెంలో కార్బ్యురేటర్ విప్పిన ముక్కలు అలాగే ఉన్నాయి. శాంసన్ కుర్చీకి అడ్డంగా పలక పెట్టి, పళ్లెం దాని మీద ఉంచాడు. మురళీకృష్ణ వాటిని ఒక్కొక్కటిగా చూశాడు. తర్వాత ఎడంచేత్తో తన కుడిచేతిని బరువైన వస్తువును ఎత్తినట్టు ఎత్తి పలక మీద పెట్టుకున్నాడు. ఇత్తడి ముక్కనొకదాన్ని ఆ వేళ్ల మధ్య ఇరికించాడు. కదలని చెయ్యిని పట్టుకారులా వాడుకుంటూ, ఎడంచేత్తో బ్రష్ డీజిల్లో ముంచి తోమడం మొదలుపెట్టాడు. ముక్క జారిపోతోంది. మళ్లీ ఇరికిస్తున్నాడు. శాంసన్ కూనిరాగం ఆపేశాడు.

"గీ కసరత్తు మా పుస్తకంల లేదు మేడం" అన్నాడు.

అలా మొదలైంది. శాంసన్ ఉండేది ఒక గంట. తర్వాత కూడా మురళీకృష్ణ షెడ్డులోంచి కదిలేవాడు కాదు. లోపలికి తోసుకెళ్లబోతే చక్రం పట్టేసుకునేవాడు. క్లాసులు మధ్యాహ్నం నుంచే కాబట్టి, వంటయ్యాక అమల కూడా అక్కడ నిలబడాల్సి వచ్చింది. నిలబడ్డ మనిషికి పని తగులుతుంది. అది అందించు అన్నట్టు వేలు చూపిస్తాడు. ఆమె వేరేది తీస్తుంది. 'సరే' అని ముక్కుతాడు. ఇంకోటి తీస్తుంది. 'సరే'. మూడోది తీస్తే 'సరే...' అని సాగదీస్తాడు. అంటే అదే. కొన్నాళ్లకు ఆ సాగదీతలూ ముక్కడాలూ ఆమెకు అలవాటయ్యాయి. వంటింట్లో ఉండగా వినబడినా ఏది కావాలో తెలిసిపోయేది.

తలుపుల మీద తుప్పు గరుకు కాగితంతో గీకింది. పాత వైర్లు ఊడలాగి, అతను వేలితో చూపించిన చోటల్లా కొత్తవి బిగించింది. జాకీ వేసి చక్రాలు విప్పి, బ్రేకు డ్రమ్ముల్లోంచి గుప్పిళ్లకొద్దీ మట్టి తీసింది. అందులో ఒక పాత మామిడి టెంక దొరికింది. పని మీద ఆమెకు ఇష్టమేమీ కలగలేదు, అయిష్టమూ లేదు. చేతులు చేస్తున్నాయి, ఆమె చూస్తోంది. గోళ్లలో నలుపు దిగింది. క్లాసులో బోర్డు మీద బొమ్మ గీస్తుంటే ముందు బెంచీ అమ్మాయిలు ఆ గోళ్ల వంక చూసి గుసగుసలాడుకున్నారు. ఆమె పట్టించుకోలేదు.

హెడ్డు బిగించిన రోజు మాత్రం గొడవైంది.

హెడ్డంటే ఇంజిన్ మీద మూతలా కూర్చునే బరువైన ఇనుప దిమ్మ. శాంసన్ ఎత్తి పెట్టి, వేరే పేషెంటు ఇంటికి టైమైందని వెళ్లిపోయాడు. అమల నట్లు బిగించడం మొదలుపెట్టింది. ఒక చివర మొదలుపెట్టి వరసగా బిగించుకుంటూ వస్తోంది. "సరే" అన్నాడు మురళీకృష్ణ. సరిపోలేదంటున్నాడేమో అనుకుని మరికాస్త బిగించింది. "సరే! సరే!" అన్నాడు. ఇంకా గట్టిగా, ఒళ్లు బరువంతా పానా మీద మోపి లాగింది. టక్కుమంది. పానా ఊడి మోకాలికి తగిలింది. నట్టు ఎక్కే మరల కడ్డీ, అదే స్టడ్డు, మెడకాయ దగ్గర తెగిపోయి నట్టుతో సహా చేతిలోకి వచ్చింది.

అప్పుడు అతను చేసిన గోల అంతా ఇంతా కాదు. సరే సరే సరే అంటూ ఒళ్లో ఉన్న గుడ్డ విసిరాడు, పళ్లెం తోసేశాడు, వాషర్లన్నీ నేల మీద దొర్లిపోయాయి. తల అడ్డంగా ఊపుతూ హెడ్డు మధ్యభాగాన్ని చూపిస్తున్నాడు. మధ్యలోంచి, మధ్యలోంచి. ముందు నడిమి నట్లు, తర్వాత అటొకటి ఇటొకటి, అలా చివరలకు రావాలి. అది ఆమెకు అప్పుడు అర్థమైంది. అర్థమవడంతోనే అరికాలి మంట నెత్తికెక్కింది.

"నాకేం తెలుసండీ!" అని అరిచింది. "నేనేమన్నా మెకానిక్కునా? పొద్దున్నే లేచి మీకు ఒళ్లు తుడిచి, వండి, తినిపించి, ఈ ఇనుము తోమి, మళ్లీ వెళ్లి నూరుమందికి పాఠం చెప్పి వస్తున్నాను. మూడేళ్లు ఈ దరిద్రాన్ని పట్టుకుని మీరు నా మొహం చూడలేదు. ఇప్పుడు నా చేతే చేయించుకుంటూ నా మీదే అరుస్తారా? నోరు పడిపోయినా మీ పెత్తనం పడిపోలేదే!"

పైవాటాలో అద్దెకుండే విజయశ్రీ పిట్టగోడ మీంచి తొంగిచూసి, గబుక్కున తల వెనక్కి తీసుకుంది.

అమల విరిగిన స్టడ్డును గోడకేసి కొట్టి లోపలికి పోయింది. వంటింట్లో నిలబడి గిన్నెలోంచే నాలుగు ముద్దలు పెరుగన్నం తిన్నది. చెమట కారుతోంది. మోకాలు నొప్పి పెడుతోంది. నాలుగైదు నెలల్లో మొదటిసారి తనకు ఆకలి వేసిందని తింటుండగా గమనించింది. ఏడుపు వస్తుందేమోనని కూడా ఎదురుచూసింది. రాలేదు. ఆ కోపం కూడా చెయ్యి కడుక్కునేలోగా దిగిపోయి, మళ్లీ ఎప్పటిలాగే అయిపోయింది. వెనక్కి వెళ్లి, వాషర్లు ఏరి, అతన్ని లోపలికి తీసుకొచ్చి, ఏమీ జరగనట్టు అన్నం పెట్టింది. అతను ఏమీ జరగనట్టే తిన్నాడు.

విరిగిన ముక్క తీయడానికి లేత్ మిషన్ పని చేసే టర్నర్‌ను పిలిపించాల్సి వచ్చింది. ఆ సైజు స్టడ్డు ఎక్కడా దొరకలేదు. చివరికి శాంసన్ జానయ్య దుకాణానికే వెళ్లి అడిగితే, అతను పాత సామాను గుట్టంతా దేవి ఒకటి పట్టుకుని తనే వచ్చాడు. "నేను బొందవెడ్దమనుకున్న బండికి నేనే మందు తెస్తున్న" అని నవ్వి, ఈసారి కూర్చుని టీ తాగాడు. అతను చూస్తుండగానే అమల హెడ్డు బిగించింది, నడిమి నట్లు మొదలుపెట్టి. మురళీకృష్ణ ఒక్కో నట్టుకూ తలూపాడు.

కాలేజీలకు సెలవులిచ్చి, కోచింగ్‌కు కొత్త బ్యాచ్ ఇంకా మొదలుకాని రోజుల్లో ఒక ఉదయం ఇంజిన్ స్టార్టయింది. మొదట దగ్గింది, తర్వాత ఆగింది, సైలెన్సర్‌లోంచి ఎండుటాకుల పొడి ఎగజిమ్మింది. అమల పాదంతో స్టార్టర్ తొక్కిపట్టి ఉంచితే, అంత పాత ఇనుమూ ఒక్కసారి వణికి, గుడగుడమంటూ నిలదొక్కుకుంది. శాంసన్ చప్పట్లు కొట్టి "స్తోత్రం!" అని అరిచాడు. మురళీకృష్ణ ఎడమ అరచెయ్యి బోనెట్‌కు ఆనించి, కళ్లు మూసుకుని, ఆ అదురును పట్టి చూస్తున్నాడు. అమలకు సంతోషం కలగాల్సిన చోట ఖాళీగానే ఉంది. సీటు గుడ్డ కుట్టించాలి అనుకుంది.

"ఒక్క రౌండ్ కొట్టొద్దామా మేడం? ఎల్‌బీ నగర్ దాంక?" అన్నాడు శాంసన్.

ఆమెకు కారు నడపడం వచ్చు. ఇది వేరు. గేరు కాడ స్టీరింగ్ పక్కనుంచి వస్తుంది, క్లచ్ తొక్కడానికి నడుము కూడా పనిచేయాలి. మురళీకృష్ణను ఎత్తి మధ్యలో కూర్చోబెట్టి, శాంసన్ అటు చివర కూర్చుని భుజం ఆనించాడు. చెరువు పక్క రోడ్డు మీంచి మెయిన్ రోడ్డెక్కి, మెట్రో స్తంభాల నీడలో మెల్లగా పోతుంటే, బైకుల వాళ్లు పక్కకొచ్చి ఫోన్లతో వీడియోలు తీశారు. రంగు లేదు, ఒంటినిండా బూడిదరంగు ప్రైమరు మచ్చలు. గేరు మార్చాల్సిన ప్రతిసారీ అతని ఎడమ బొటనవేలు పైకో కిందికో ముందే కదిలేది.

ఎల్‌బీ నగర్ చౌరస్తాలో సిగ్నల్ దాటుతూండగా ఇంజిన్ ఆగిపోయింది. బోనెట్ సందుల్లోంచి ఆవిరి. వెనక హారన్లు. ట్రాఫిక్ కానిస్టేబుల్ కోపంగా వచ్చి, దగ్గరకొచ్చాక ఆగి, "గిదేం బండి మేడం? ఎప్పటిది?" అని అడిగాడు. అతనూ శాంసనూ ఇద్దరు ఆటోవాళ్లూ కలిసి విజయవాడ బస్సులు ఆగే పక్కకు నెట్టారు. రేడియేటర్ చల్లబడితే గానీ మూత తీయకూడదు. శాంసన్ నీళ్లకు వెళ్లాడు.

బండిలో ఇద్దరే మిగిలారు. బయట క్లీనరు "సూర్యాపేట, కోదాడ, విజయవాడ" అని అరుస్తున్నాడు. ఎండ అద్దంలోంచి ఒళ్లో పడుతోంది. ఎవరూ అడక్కుండానే అమల మాట్లాడింది. స్టీరింగ్ వైపే చూస్తూ.

"మీరు పడిపోయిన రోజు నాకేమీ అనిపించలేదండీ. భయం కూడా వేయలేదు. అంబులెన్స్‌లో కూర్చుని, గ్యాస్ కట్టేశానా లేదా అని ఆలోచిస్తున్నాను. అంతకు ముందు నుంచే అలా ఉంది. ఎప్పటి నుంచో తెలియదు. ఇప్పటికీ అలాగే ఉంది. అందరూ నేనేదో త్యాగం చేస్తున్నానంటున్నారు. త్యాగం చేయడానికి లోపలేమన్నా ఉండాలి కదా. మీకైనా నిజం చెప్పాలనిపించింది."

చెప్పడం అయ్యాక తల తిప్పింది. అతను ఆమెనే చూస్తున్నాడు. కుడికన్ను లోంచి నీరు చెంప మీదికి జారింది. జబ్బు చేసినప్పటి నుంచి ఆ కన్ను ఊరికే కారుతూనే ఉంటుంది. ఏడుస్తున్నాడో లేదో చెప్పే వీలు లేదు. ఎడమకన్ను పొడిగా, తేటగా ఉంది. అతను 'సరే' అనలేదు. ఆమె మోకాలి మీద చెయ్యి వేశాడు. పానా తగిలి కమిలిన మోకాలది. కమిలినచోట వేలితో నెమ్మదిగా నిమిరాడు. ఇంకా నొప్పి ఉంది. ఉందని ఆమె చెప్పలేదు, కాలు వెనక్కి తీసుకోనూ లేదు.

శాంసన్ బకెట్‌తో వచ్చాడు. ఏ హోటల్లో బతిమాలి తెచ్చాడో. నీళ్లు పోశాక బండి కదిలింది. తిరుగుదారిలో దిల్‌సుఖ్‌నగర్ దాకా వెళ్లి, వంకాయలూ బెండకాయలూ కొనుక్కుని వచ్చారు.

వానలు పడే రోజుల్లో ఒక పెయింటర్ షెడ్డులోనే రంగు వేశాడు. మురళీకృష్ణ రంగుల కార్డు మీద వేలు పెట్టి చూపించిన ముదురు ఆకుపచ్చ. అమలకు నీలం నచ్చింది. అరగంట వాదన జరిగింది, ఒకవైపు మాటలతో, ఒకవైపు ఒకే మాటతో. ఆకుపచ్చే గెలిచింది. అతనికి తర్వాత ఇంకో రెండు మాటలు వచ్చాయి, 'లే', 'అది'. కుడికాలు కొంచెం ఆనుతోంది. అంతకు మించి రాకపోవచ్చని డాక్టరు చెప్పాడు. ఆ రోజు క్లాసు మధ్యలో బాత్రూములోకి వెళ్లి కొళాయి తిప్పి కాసేపు నిలబడింది. బయటికొచ్చి మిగిలిన పాఠం చెప్పింది.

నవంబర్‌లో శాంసన్ వాళ్ల చర్చిలో పంట పండుగ వచ్చింది. దేవుడికి అర్పించే గుమ్మడికాయలు, అరటి గెలలు, బియ్యం మూటలు ఇంటింటి నుంచి చర్చికి చేర్చడానికి ఈ బండి అడిగాడు. అమలే నడిపింది. పక్కన మురళీకృష్ణ ఇస్త్రీ చొక్కా వేసుకుని కూర్చున్నాడు. వీధి వీధికీ ఆగుతుంటే పిల్లలు, ముసలివాళ్లు సరుకు ఎక్కించారు. హెప్సిబా అనే ఒక పెద్దావిడ తన గుమ్మడికాయను ఎవరికీ ఇవ్వకుండా ఒళ్లో పెట్టుకుని, నడిచిపోనని మొండికేసి, వెనకే ఎక్కి కూర్చుంది.

"నెమ్మదిగ తోలు బిడ్డా, నా కాయ పలుగుతది" అని కేకేసింది.

"అలాగేనమ్మా, గట్టిగా పట్టుకోండి" అంది అమల, అద్దంలో ఆవిడను చూసుకుంటూ.

మలుపు దగ్గర రోడ్డు తవ్వి ఉంది. ఆమె క్లచ్ తొక్కి, గేరు తగ్గించి, గుంత పక్కనుంచి బండిని జాగ్రత్తగా పోనిచ్చింది.